టీబీ మందు ఉచితమే, మిగతావి అడిగితేనే: రోగుల వెంట తిరిగిన నా అనుభవం

టీబీకి ప్రభుత్వం మందు ఉచితంగా ఇస్తుందని అందరికీ తెలుసు. మందుతో పాటు ఇంకా ఏమేం రావాలో మాత్రం చాలామందికి చికిత్స సగం గడిచాకే తెలుస్తుంది, అదీ మందుల కౌంటరు దగ్గర వరుసలో నిలబడ్డ ఇంకో రోగి చెబితే. తిండి కోసం డబ్బు, షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు, ఇంట్లోవాళ్లకు పరీక్షలు, పిల్లలకు టీబీ రాకుండా మందు, గిరిజన ప్రాంతాలవాళ్లకు దారి ఖర్చు, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లకు పోయిన జీతంలో భాగం: ఇవన్నీ రోగికి రావలసినవే. రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో వైద్యం కూడా ఉందని, డబ్బు లేదనే సాకు ప్రభుత్వానికి చెల్లదని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులోనే తేల్చింది. ప్రజల పోషణ స్థాయి పెంచడం ప్రభుత్వ ప్రథమ కర్తవ్యాల్లో ఒకటని 47వ అధికరణం అంటుంది. ఇంత పెద్ద మాటలు కింద టీబీ చికిత్స చూసే ప్రభుత్వ కేంద్రం, అంటే టీబీ యూనిట్ దాకా వచ్చేసరికి, టీబీ రోగులను నమోదు చేసే నిక్షయ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఒక ఎంట్రీగా మిగులుతాయి. ఆ ఎంట్రీ ఏ రోజు పడింది, అందులో ఏం రాశారు అన్నదాన్ని బట్టే మిగతాదంతా నడుస్తుంది. కొన్నేళ్లుగా రోగులను యూనిట్‌కి తీసుకెళ్లి వాళ్ల కాగితాలు చూస్తున్నాను. ఎక్కడ పని ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో అక్కడ చూసినదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి తప్పు కఫం డబ్బా దగ్గరే జరుగుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు, కఫంలో రక్తం. వీటిలో ఏది ఉన్నా పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానాలో కఫం పరీక్షకు రాయించుకోవచ్చు. డబ్బా చేతిలో పెట్టి 'ఉమ్మి ఇవ్వండి' అంటారు, రోగి నిజంగానే ఉమ్మి ఇస్తాడు. నీళ్లలా పలచగా, నురగగా ఉన్నదాంట్లో క్రిములు దొరకవు, రిపోర్టులో నెగెటివ్ అని వస్తుంది, ఆ కాగితం పట్టుకుని మనిషి ఇంకో నెల దగ్గుతూ తిరుగుతాడు. కావలసింది గుండెల లోపలి నుంచి దగ్గితే వచ్చే చిక్కటి తెమడ, 2 నుంచి 5 మిల్లీలీటర్లు. ముందు మంచినీళ్లతో నోరు పుక్కిలించాలి. రెండు మూడు సార్లు గాలి గట్టిగా లోపలికి పీల్చి, కాసేపు బిగబట్టి, అప్పుడు దగ్గాలి. ఇది ఆరుబయట చేయాలి. మూసిన గదిలో, ముఖ్యంగా ఆస్పత్రి మరుగుదొడ్లో చేస్తే తర్వాత వచ్చేవాళ్లకు ప్రమాదం. రెండు నమూనాలు అడుగుతారు. అప్పటికప్పుడు ఇచ్చేది ఒకటి, మర్నాడు పొద్దున లేవగానే పళ్లు తోమకముందు ఇచ్చేది ఇంకొకటి. పొద్దుటి నమూనానే మెరుగు.

ఏ పరీక్ష చేస్తున్నారని అడగండి. మైక్రోస్కోపులో క్రిమి కనబడాలంటే మిల్లీలీటరు కఫంలో 5,000 నుంచి 10,000 దాకా క్రిములు ఉండాలి. ట్రూనాట్, సీబీనాట్ అనే యంత్రాలు అంతకంటే చాలా తక్కువ ఉన్నా పట్టుకుంటాయి. రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా గంటల్లోనే చెబుతాయి. ట్రూనాట్ గోవాలోని మోల్‌బయో కంపెనీ తయారీ, 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందింది. మైక్రోస్కోపు నెగెటివ్‌తో ఇంటికి పంపితే ఒప్పుకోవద్దు. నమూనాను ఈ యంత్రాల మీద చేసే నాట్ పరీక్షకు పంపమని, ఛాతీ ఎక్స్‌రే తీయమని అడగాలి. మెడలో గడ్డ, వెన్నెముక, పొట్ట లాంటి చోట్ల వచ్చే టీబీ కఫంలో కనబడదు. దానికి గడ్డలోంచి సూదితో తీసిన నమూనా కావాలి.

ప్రైవేటు డాక్టరు దగ్గర రోగం బయటపడితే కథ ఇంకో దారి పడుతుంది. టీబీ కేసును ప్రభుత్వానికి తెలియజేయాలని 2012లోనే ఆదేశం వచ్చింది. తెలియజేయకపోవడం శిక్షార్హమని 2018 మార్చిలో గెజిట్ కూడా వచ్చింది. తెలియజేసిన డాక్టరుకు 500 రూపాయలు, చికిత్స ఫలితం నమోదు చేస్తే మరో 500 ఇస్తారు. అయినా 'గవర్నమెంటోళ్లు ఇంటికొస్తారు, నలుగురికీ తెలిసిపోతుంది' అని రోగినే భయపెట్టి నమోదు తప్పించేవాళ్లు ఉన్నారు. నష్టం రోగికే. నమోదు లేకపోతే నిక్షయ్ నంబరు లేదు, నంబరు లేకపోతే తిండి డబ్బు లేదు. డాక్టరును మార్చనక్కర్లేదు. ప్రైవేటులో చూపించుకుంటూనే నంబరు తీసుకోవచ్చు, డబ్బు వాళ్లకూ వస్తుంది. చాలా చోట్ల యూనిట్ నుంచి మందులూ ఉచితంగా తీసుకోవచ్చు. డాక్టరు నమోదు చేయకపోతే చీటీ, రిపోర్టు పట్టుకుని నేరుగా టీబీ యూనిట్‌కి వెళ్లి ఎస్టీఎస్‌ను, అంటే సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌ను కలవండి. క్షేత్రస్థాయిలో పని నడిపేది ఆయనే. జిల్లా టీబీ అధికారి కంటే ముందు ఆయన ఫోన్ నంబరు రాసి పెట్టుకోవాలి.

నంబరు పడిన రోజునే స్క్రీన్ మీద ఆరు విషయాలు సరిచూసుకోమంటాను: పేరు ఆధార్‌లో, బ్యాంకులో ఉన్నట్టే ఉందా, ఫోన్ నంబరు రోగి చేతిలో ఉండేదేనా, రోగ నిర్ధారణ తేదీ, బరువు, ఎత్తు, బ్యాంకు ఖాతా. బరువు, ఎత్తు ఎందుకంటే మందు మోతాదు, బరువు తక్కువున్నవాళ్లకు ఇచ్చే పోషణ పొడి రెండూ వాటి మీదే ఆధారపడతాయి. కొన్ని చోట్ల తూకం వేయకుండా కళ్లతో చూసి 50 అని రాసేస్తారు. తూకం యంత్రం ఎక్కించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఇదే రోజు షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేయాలి. ఇవి ప్రతి టీబీ రోగికీ చేసే పరీక్షలే, అనుమానంతో చేసేవి కావు. ఈ మాట ముందే చెప్పకపోతే హెచ్‌ఐవీ పేరు వినగానే కొందరు లేచి వెళ్లిపోతారు.

మందుకు లొంగే మామూలు టీబీకి చికిత్స 24 వారాలు. మొదటి 8 వారాలు నాలుగు మందులు కలిపిన మాత్ర, తర్వాతి 16 వారాలు మూడు మందుల మాత్ర. నాలుగు మందుల మాత్రలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబ్యుటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి. మూడు మందుల మాత్రలో పైరజినమైడ్ ఉండదు. పెద్దవాళ్లకు 25 నుంచి 34 కిలోల వరకు రోజుకు 2 మాత్రలు, 35 నుంచి 49 వరకు 3, 50 నుంచి 64 వరకు 4, 65 నుంచి 75 వరకు 5, ఆపైన 6. అన్నీ ఒకేసారి, పరగడుపున వేసుకుంటే మంచిది. వాంతి వస్తే డాక్టరును అడిగి కాస్త తిని వేసుకోవచ్చు గానీ పొద్దున రెండు, రాత్రి రెండు అని పంచుకోకూడదు. అట్టకు 28 మాత్రలు. అంటే రోజుకు 3 మాత్రల మనిషికి నాలుగు వారాలకు 3 అట్టలు ఇవ్వాలి. చేతికి ఎన్ని అట్టలు వచ్చాయో లెక్కపెట్టుకుంటే తక్కువ ఇచ్చారో లేదో అక్కడే తేలిపోతుంది. చికిత్సలో బరువు పెరిగి, ఉదాహరణకు 47 నుంచి 53కి చేరితే, మోతాదు మార్చాలి. దీన్ని గుర్తుచేసేది ఎక్కువగా రోగి పక్షానే ఉండాలి, ఎందుకంటే నెలనెలా తూకం వేయడం జరగదు.

రోజూ మందు అనే పద్ధతి కూడా ఊరికే రాలేదు. అంతకుముందు వారానికి మూడు రోజులే ఇచ్చేవారు. దీనిపై వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2017 జనవరిలో సుప్రీంకోర్టు తొమ్మిది నెలల్లో రోజువారీ మోతాదుకు మారాలని చెప్పింది, ఆ ఏడాదే దేశమంతా మారింది.

మూత్రం నారింజ రంగులోకి మారితే భయపడొద్దు, అది రిఫాంపిసిన్ రంగు. దీన్ని రక్తం అనుకుని మందు మానేసేవాళ్లు మొదటి వారంలోనే కనబడతారు. కాళ్లలో తిమ్మిర్లు వస్తే బీ6 విటమిన్ అడగాలి. కీళ్ల నొప్పులు ఎక్కువగా పైరజినమైడ్ వల్ల, ఆ మందు ఆగాక తగ్గిపోతాయి. రెండింటిని మాత్రం అస్సలు ఉపేక్షించకూడదు. కళ్లు పచ్చబడి, అన్నం సహించక, వాంతులు ఆగకపోతే అది కాలేయం దెబ్బతినడం కావచ్చు. మందులు ఆపి అదే రోజు డాక్టరును కలవాలి, మళ్లీ ఎప్పుడు ఏది మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి. చూపు మసకబారినా, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోయినా ఇథాంబ్యుటాల్‌ను అనుమానించాలి. ఆడవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది: రిఫాంపిసిన్ వాడుతున్నప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. వేరే పద్ధతి కావాలి. షుగర్ మాత్రల ప్రభావం కూడా తగ్గుతుంది, అందుకని షుగర్ తరచుగా చూపించుకోవాలి. తాగుడు అలవాటు ఉంటే దాచకుండా చెప్పడం మేలు, కాలేయం పరీక్ష ముందే చేయిస్తారు.

స్టాకు అయిపోయే రోజులూ వస్తాయి. 2024 మార్చిలో సరఫరా ఆలస్యమై, మూడు నెలలకు సరిపడా మందులు స్థానికంగా కొనుక్కోమని కేంద్రమే రాష్ట్రాలకు లేఖ రాసింది. అలా కొనలేకపోతే రోగి కొన్న మందుకు డబ్బు తిరిగి ఇవ్వవచ్చనీ అందులో ఉంది. కానీ తిరిగి రావాలంటే యూనిట్ నుంచి 'స్టాకు లేదు' అని రాసిన చీటీ, దాని మీద ముద్ర, తేదీ, తర్వాత మెడికల్ షాపు బిల్లు ఉండాలి. నోటిమాటగా 'బయట కొనుక్కో' అన్నదానికి డబ్బు రాదు. చీటీ ఇవ్వకపోతే నిక్షయ్ సంపర్క్ అనే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఒక నెల పాటు ఏకధాటిగా మందు ఆగితే 'మధ్యలో మానేసినవాడు' అని రికార్డులో పడుతుంది. మానేసింది రోగా, మందు ఇవ్వనిది యూనిటా అన్న తేడా ఆ గడిలో ఉండదు. అందుకే ఆ ఫిర్యాదు నంబరు కావాలి.

ఇక డబ్బు సంగతి. ఎక్కువ తిరుగుడు ఇక్కడే. నిక్షయ్ పోషణ్ యోజన 2018 ఏప్రిల్‌లో నెలకు 500 రూపాయలతో మొదలైంది, 2024 నవంబరు 1 నుంచి 1,000 అయింది. ఆరు నెలల రోగికి 6,000, రెండు విడతల్లో వస్తుంది. మొదటి 3,000 రోగం తేలిన వెంటనే ముందస్తుగా, రెండో 3,000 చికిత్సలో 84 రోజులు పూర్తయ్యాక. మొత్తం 168 రోజుల మోతాదులో 84 సరిగ్గా సగం. ముందస్తుగా ఇవ్వాలని పెట్టడానికి కారణం, తిండి అత్యవసరమయ్యేది మొదటి రెండు నెలల్లోనే. ఆకలి చచ్చి, బరువు పడిపోయి, పనికి పోలేని రోజులవి. ఆ డబ్బు అయిదో నెలలో వస్తే వచ్చినట్టు లెక్కే గానీ దాని పని అది చేయలేదు. ఆదాయ పరిమితి లేదు, తెల్లకార్డు అడగకూడదు.

డబ్బు ఆగడానికి నేను చూసిన కారణాలు కొన్నే, అవే మళ్లీ మళ్లీ. అన్నిటికంటే ఎక్కువ పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. పాస్‌బుక్ మీద ఇంకా పాత పేరు, పాత కోడే ఉంటుంది, ఆపరేటరు దాన్నే ఎక్కిస్తాడు, చెల్లింపు తిరిగి వచ్చేస్తుంది. గ్రామీణ బ్యాంకులతో ఇదే గొడవ ఈ మధ్య మళ్లీ మొదలైంది. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి, మే 1న ఆంధ్రలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. ఖాతా అలాంటి బ్యాంకులో ఉంటే పాస్‌బుక్‌ను నమ్మకుండా శాఖకు వెళ్లి కొత్త ముద్రణ తెచ్చుకుని అప్పుడే యూనిట్‌కి ఇవ్వాలి.

రెండోది నిద్రపోయిన ఖాతా. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిలిచిపోతుంది. జన్‌ధన్ ఖాతాల్లో ఇవే ఎక్కువ. ఆధార్, ఫొటో పట్టుకెళ్లి కేవైసీ చేయించి, వంద రూపాయలు వేసి తీస్తే ప్రాణం వస్తుంది. మూడోది పేరు తేడా. ఆధార్‌లో 'లక్ష్మి', బ్యాంకులో ఇంటిపేరుతో 'లక్ష్మమ్మ', నిక్షయ్‌లో ఆశా వర్కర్ రాసుకొచ్చిన మూడో రూపం. మన ఇంటిపేర్ల వ్యవహారం ఈ పోర్టల్ రాసినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇలాంటప్పుడు బ్యాంకులో పేరు మార్పించే బదులు నిక్షయ్‌లోనే బ్యాంకు పేరు ప్రకారం దిద్దించడం తేలిక. నాలుగోది, ఒకే ఖాతా ఇద్దరు రోగులకు ఇచ్చినప్పుడు. భార్యాభర్తలిద్దరికీ రోగం ఉన్న ఇళ్లలో ఇది తగులుతుంది. అసలు ఖాతా లేనివాళ్లు సమ్మతి పత్రం రాసిచ్చి రక్తసంబంధీకుల ఖాతా ఇవ్వవచ్చు, కానీ ఆ డబ్బు రోగి కంచం దాకా వస్తుందన్న నమ్మకం ముందు కుదరాలి. కోడళ్ల విషయంలో నేను కొత్త ఖాతా తెరిపించమనే చెబుతాను.

లోపల జరిగేది తెలిస్తే ఎవర్ని అడగాలో తెలుస్తుంది. ఆరోగ్య కేంద్రంలో వివరాలు ఎక్కిస్తారు. యూనిట్‌లో ఒకరు తయారు చేస్తారు, ఒకరు సరిచూస్తారు, జిల్లా స్థాయిలో ఆమోదం పడుతుంది, అక్కడి నుంచి కేంద్రం చెల్లింపుల వ్యవస్థ పీఎఫ్ఎంఎస్‌కు వెళ్తుంది. 'డబ్బు రాలేదు సార్' అంటే 'వస్తుంది' అనే జవాబు వస్తుంది. దానికి బదులు 'నా ఖాతా పీఎఫ్ఎంఎస్‌లో వాలిడేట్ అయిందా (సరైనదేనని తేలిందా)? అయితే ఇప్పుడు ఎవరి లాగిన్‌లో ఉంది?' అని అడగండి. ఎస్టీఎస్ స్క్రీన్ తెరవక తప్పదు. వాలిడేట్ కాలేదంటే తప్పు ఖాతా వివరాల్లో ఉంది, బ్యాంకుకు వెళ్లాలి. అయి కూడా ఆగిందంటే ఆమోదం దగ్గరో నిధుల దగ్గరో ఆగింది. బ్యాంకు చుట్టూ తిరిగి ప్రయోజనం లేదు, ఫిర్యాదే మార్గం.

ఇదే పద్ధతిలో రావలసినవి మరో రెండు ఉన్నాయి. నోటిఫై చేసిన గిరిజన ప్రాంతాల రోగులకు దారి ఖర్చు కింద ఒకసారి 750 రూపాయలు. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు పనిచేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. చికిత్స పూర్తయ్యేదాకా రోగిని కనిపెట్టుకుని మందు వేయించిన వ్యక్తికి మామూలు టీబీలో 1,000, మందులకు లొంగని టీబీలో 5,000. ఆశా వర్కర్లకు ఈ డబ్బు బాకీ పడితే మరుసటి రోగి దగ్గరకు వాళ్లు వెళ్లే ఉత్సాహం ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు.

తిండి విషయంలో డబ్బు ఒక్కటే లెక్క కాదని జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అనే పరిశోధన తేల్చింది. 2023 ఆగస్టులో వెలువడింది. రోగికి ఆహార సాయం చేస్తూ, ఇంట్లో మిగతావాళ్లకూ, పెద్దవాళ్లకైతే నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగుల్లో చనిపోయే ప్రమాదం 61 శాతం తక్కువగా కనబడింది. ఇప్పుడు మన రేషన్ కార్డును దీని పక్కన పెట్టి చూడండి. 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి 5 కిలోల బియ్యం, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు, 2023 నుంచి ఉచితం. తెలంగాణలో మనిషికి 6 కిలోలు. బియ్యం దాదాపు సరిపోయింది, లేనిది పప్పే. టీబీ తగ్గడానికి కొత్త యంత్రాలు కావాలనేవాళ్లతో నాకు పేచీ లేదు గానీ, ఆ కిలోన్నర పప్పు ఇవ్వడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

కార్డులో రోగి పేరు ఉందో లేదో, ఈ-కేవైసీ అయిందో లేదో చూడటం కూడా చికిత్సలో భాగమే అనుకోండి. కొత్త కోడలి పేరు పుట్టింటి కార్డులో ఉండిపోయి రెండు చోట్లా బియ్యం రాని ఇళ్లు కోకొల్లలు. బరువును ఎత్తు మీటర్ల వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ 18.5 కంటే తక్కువైతే, మొదటి రెండు నెలలు అదనంగా పోషణ పొడి ఇవ్వాలనే నియమం 2024లో వచ్చింది. లెక్క సులువుగా కావాలంటే: 150 సెంటీమీటర్ల మనిషి 41.6 కిలోల లోపు, 160 మనిషి 47.4 లోపు, 165 మనిషి 50.4 లోపు ఉంటే అర్హులు. మొదటి రోజు తూకం సరిగా వేయించమన్నది ఇందుకే.

2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర కింద దాతలు కూడా పోషకాహార బుట్టలు ఇస్తారు. ఉపయోగమే, తీసుకోండి. రోగి సమ్మతి రాసిస్తేనే దాతతో జత చేయాలి. బుట్ట ఇస్తూ వరుసగా నిలబెట్టి ఫొటో తీస్తామంటే వద్దనే హక్కు ఉంది. ఫొటో వద్దన్నా బుట్ట ఆపకూడదు. నా మటుకు నాకు దాత మనసును బట్టి వచ్చే బుట్ట కంటే కార్డు మీద రాసి ఉన్న పప్పు గొప్పది.

జీతం పోయినవాళ్ల సంగతి ఇంకా కష్టం. 21,000 లోపు జీతంతో ఈఎస్ఐ కోత పడుతున్నవాళ్లకు మాత్రం గట్టి రక్షణ ఉంది, వాళ్లలో చాలామందికి అది తెలియదు. ముందు మామూలు అనారోగ్య భత్యం, జీతంలో 70 శాతం చొప్పున 91 రోజులు. ఈఎస్ఐ దీర్ఘకాలిక రోగాల జాబితాలో టీబీ ఉంది కాబట్టి తర్వాత 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగింపు దొరుకుతుంది. షరతు: రెండేళ్ల సర్వీసు, అంతకుముందు నాలుగు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 156 రోజుల చందా. మందులు టీబీ యూనిట్‌లో తీసుకున్నా సెలవు సర్టిఫికెట్ ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరు ఇచ్చిందే ఉండాలి, తేదీల మధ్య ఖాళీ రాకూడదు. ప్రైవేటు డాక్టరు చీటీ పెట్టి మూడు నెలలు ఇంట్లో ఉన్నాక వెళ్తే ఆ మూడు నెలలూ పోయినట్టే. భవన నిర్మాణంలో, హోటళ్లలో, ఇళ్లలో రోజుకూలికి పనిచేసేవాళ్లకు దీనికి సాటి వచ్చేది ఏదీ లేదు. ఉద్యోగం నుంచి తీసేస్తే అడ్డుపడే ప్రత్యేక చట్టమూ లేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల పట్ల ఉద్యోగంలో వివక్షను 2017 చట్టం నిషేధించింది. టీబీకి అలాంటి చట్టం ఇంకా రాలేదు. కాబట్టి యజమానికి రోగం పేరు చెప్పాలా వద్దా అన్నది రోగి ఇష్టం. సరైన మందు మొదలైన రెండు వారాలకే ఇతరులకు అంటించే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఇది డాక్టరు చేత కాగితం మీద రాయించుకుంటే పనిలోకి తిరిగి వెళ్లేటప్పుడు పనికొస్తుంది. ఇంట్లో కంచం, గ్లాసు వేరు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, టీబీ గాలి ద్వారా వస్తుంది. కిటికీ తెరవండి, మొదటి వారాలు మాస్కు పెట్టించండి.

పాలమూరు, శ్రీకాకుళం వైపు నుంచి వలస వెళ్లేవాళ్లకు ఒక్క మాట. నిక్షయ్ నంబరు దేశమంతా చెల్లుతుంది. ముంబై వెళ్లినా చెన్నై వెళ్లినా కొత్తగా నమోదు చేయించుకోకూడదు, పాత నంబరుతో 'ట్రాన్స్‌ఫర్' అడగాలి. కొత్త నమోదు చేస్తే పాత రికార్డులో మానేసినట్టు పడుతుంది, రెండో విడత డబ్బు చిక్కుల్లో పడుతుంది. బయల్దేరే ముందు రెండు వారాల మందు అడిగి చేతిలో పెట్టుకోవాలి.

ఊరు పేరు చెప్పి వైద్యం నిరాకరించడం ఎంత దూరం పోతుందో ఢిల్లీలో ఒక కేసు చూపించింది. మందులకు లొంగని టీబీతో పాట్నా నుంచి వచ్చిన 18 ఏళ్ల అమ్మాయికి, ఢిల్లీ నివాసి కాదనే కారణంతో బెడాక్విలిన్ ఇవ్వలేదు. అప్పట్లో ఆ మందు దేశంలో ఆరు కేంద్రాల్లోనే ఉండేది. తండ్రి హైకోర్టుకు వెళ్లాడు, 2017 జనవరిలో మందు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ మందు పేటెంటును ఇంకొన్నేళ్లు పొడిగించుకోవాలన్న కంపెనీ దరఖాస్తును 2023 మార్చిలో మన పేటెంటు కార్యాలయం తోసిపుచ్చింది. అభ్యంతరం పెట్టినవాళ్లలో నందిత వెంకటేశన్, ఫుమెజా తిసిలే టీబీ నుంచి బయటపడ్డ మహిళలే. టీబీ మందుల వల్లే ఇద్దరికీ వినికిడి దెబ్బతింది. 2024లో బీపాల్‌ఎం అనే ఆరు నెలల చికిత్సకు అనుమతి వచ్చింది. కాబట్టి 'మీకు రిఫాంపిసిన్ పనిచేయదు' అనే రిపోర్టు వస్తే ఏళ్ల తరబడి సూదులని బెదిరిపోకుండా, ఈ చికిత్సకు నేను అర్హుడినా అని అడగండి.

ఇంట్లోవాళ్ల పరీక్ష నంబరు వచ్చిన వారంలోనే అయిపోవాలి. దగ్గు ఉన్నా లేకున్నా అందరూ వెళ్లాలి. జబ్బు లేదని తేలినవాళ్లకు ముందుజాగ్రత్త మందు ఇస్తారు. వారానికి ఒక మోతాదు చొప్పున 12 వారాల పద్ధతి ఒకటి, ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ రెండోది. అయిదేళ్లలోపు పిల్లల్ని ముందు చూడాలి. ఈ మందు అడగకపోతే చాలా చోట్ల ఇవ్వరు, ఎందుకంటే బాగున్న పిల్లాడికి మందెందుకని ఇంట్లోవాళ్లే ఒప్పుకోరని ఆశా వర్కరుకు అనుభవం.

ఫిర్యాదు ఎక్కడ పెట్టాలంటే, మొదట 1800-11-6666. వారంలో కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో, తెలంగాణలో ప్రజావాణికి, ఆంధ్రలో పీజీఆర్ఎస్ అనే ఫిర్యాదుల కార్యక్రమానికి, నిక్షయ్ నంబరు, నిర్ధారణ తేదీ, పాస్‌బుక్ నకలు జతచేసి ఒక పేజీ అర్జీ. రసీదు లేకుండా రావద్దు. దానికీ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. 'నాకు డబ్బు ఎందుకు రాలేదు' అని కాకుండా 'ఫలానా నంబరు రోగి మొదటి విడత ఏ తేదీన తయారైంది, ఏ తేదీన ఆమోదం పొందింది, ప్రస్తుతం ఏ అధికారి వద్ద ఉంది' అని అడగాలి. గడువు 30 రోజులు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. మందుల స్టాకు గురించైతే 7(1) సెక్షన్ ప్రకారం ఇది ప్రాణానికి సంబంధించిన సమాచారమని పైనే రాయండి. అప్పుడు గడువు 48 గంటలు.

చివర్లో రెండు కాగితాలు తీసుకోవాలి. రెండో నెల చివర, చికిత్స చివర చేసిన కఫం పరీక్షల రిపోర్టులు ఒకటి. నిక్షయ్‌లో ఫలితం ఏమని ముగించారో చూపే కాగితం రెండోది. చివరి పరీక్ష నెగెటివ్ వస్తే 'నయమైంది' అని పడుతుంది, పరీక్ష చేయకుండా మందు మాత్రమే పూర్తయితే 'చికిత్స పూర్తయింది' అని పడుతుంది. ఈ రెండూ ఒకటి కావు. మళ్లీ ఎప్పుడైనా దగ్గు వస్తే డాక్టరు ముందు అడిగేది ఇదే. ఆ తర్వాత ఆరు నెలలకు ఒకసారి చొప్పున రెండేళ్ల పాటు పిలిచి చూడాలి. పిలుపు రాకపోతే పాత నిక్షయ్ నంబరుతో మీరే వెళ్లొచ్చు.